పరమాన్నం, పేజీ ఏడు

సోమవారం ఉదయం దేవిశ్రీ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆఫీసుకి వెళ్లడం, సీనియర్ ప్లీడరు గారు కాఫీ తాగేదాకా ఆగడం, విషయం చెప్పడం, శుక్రవారం సెలవు అడగడం. పది నిమిషాల పని అనుకుంది. పాపం, ఇరవై ఆరేళ్ల పిల్ల. అనకాపల్లిలో ఒక మాట పది నిమిషాల్లో ఎంత దూరం వెళ్లగలదో ఆమెకింకా పూర్తిగా తెలియదు.

చెప్పవలసిన విషయం ఇది. హైకోర్టులో ఒక జడ్జిగారి దగ్గర లా క్లర్కు ఉద్యోగానికి ఆమెకు ఇంటర్వ్యూ వచ్చింది. లా క్లర్కు అంటే టైపు కొట్టే గుమాస్తా కాదు. జడ్జిగారి పక్కన ఉండి, కట్టలకొద్దీ తీర్పులు చదివి, ఏ కేసులో ఏముందో ఆయనకు నోట్సు రాసిచ్చే మనిషి. లా కాలేజీలో చేరిన నాటినుంచీ దేవిశ్రీ కోరుకున్నది అదొక్కటే. ఆరువందల మంది దరఖాస్తు పెడితే తొమ్మిది మందికి పిలుపు వచ్చింది. కావలసింది ఒక్కరు.

చిక్కు ఎక్కడుందంటే, ఆమె సీనియర్ సూర్యనారాయణ గారి అప్పీలు ఒకటి సరిగ్గా ఆ జడ్జిగారి ముందే ఉంది. సన్యాసిరావు, పోతురాజు అని ఇద్దరు బెల్లం వ్యాపారులు. వాళ్ల గోదాముల మధ్య బండి దారి ఎవరిదన్నది తగాదా. తొమ్మిదేళ్లు ఎదురుచూడగా పోయిన నెలలో విచారణకు వచ్చింది. సన్యాసిరావు తరఫున సూర్యనారాయణ గారు రెండు రోజులు నిలబడి వాదించారు. జడ్జిగారు "మీ మాటలో పస ఉంది" అన్నారు. ఆ ముక్కని ఆయన ఇంటికొచ్చి భార్యకు మూడుసార్లు వినిపించారు. తీర్పు ఇంకా రావాలి. ఆ వాదన రాసింది దేవిశ్రీయే. రేపు ఆమే జడ్జిగారి పక్కన చేరి, తను రాసిన వాదన మీద తనే నోట్సు రాస్తే అది న్యాయమెలా అవుతుంది?

"అందుకే సార్, ముందు మీకు చెప్తన్నాను," అంది దేవిశ్రీ. "ఈ రోజు నుంచి ఆ ఫైలు ముట్టుకోను. ఇంటర్వ్యూకి ఒక ఫారం పట్టుకెళ్లాలి. అందులో మనకి సంబంధం ఉన్న కేసులూ మనుషులూ రాయమన్నారు. ఇదీ రాసేస్తాను."

సూర్యనారాయణ గారు కప్పు కింద పెట్టి లేచి నిలబడ్డారు. ఆయన గురించి ఇక్కడ రెండు ముక్కలు చెప్పుకోవాలి. కోర్టు వరండాలో అవతలి పార్టీ గొడుగు పట్టబోతే, ఆ గొడుగు కిందికి వెళ్లడం ఇష్టంలేక జడివానలో తడిసి, పన్నెండు రోజులు మంచాన పడ్డ మనిషి. అలాంటివాళ్లను చూస్తే దండం పెట్టాలనిపిస్తుంది, కాస్త దూరం నుంచి.

"శభాష్!" అన్నారాయన. "ముట్టుకోకపోడం కాదమ్మా, చూడకూడదు. వినకూడదు. నానాజీ!"

నానాజీ ఆఫీసు గుమాస్తా. ఆఫీసంటే ఒకటే గది. అందులో ఒకరికి తెలియకుండా ఇంకొకరు ఫైలు చూడాలంటే మధ్యలో గోడ లేవాలి. శుక్రవారంలోపు గోడ లేవదు కాబట్టి నానాజీ అటక మీది పాత ఫ్లెక్సీ దింపి గది మధ్యన కట్టాడు. నిరుడు బార్ అసోసియేషన్ వాళ్లు సూర్యనారాయణ గారికి సన్మానం చేసినప్పటిది. మెడలో దండతో, మనిషెత్తున, నమస్కారం పెడుతున్న సీనియర్ గారి పాదాల దగ్గర దేవిశ్రీ కుర్చీ వేసుకుని కూర్చుంది. అటు అసలు సీనియర్, ఇటు ఫ్లెక్సీ సీనియర్. ఎటు చూసినా నిజాయితీయే. ఊపిరాడటం కష్టమైంది.

పదకొండు గంటలకు సన్యాసిరావు వచ్చాడు. రోజూ ఎదురొచ్చి కుర్చీ జరిపే అమ్మాయి ఫ్లెక్సీ వెనకనుంచి పలకలేదు.

"ఏటండీ ప్లీడరు గారూ, పాపకి ఒంట్లో బాగోలేదేటి?"

"ఆ అమ్మాయితో మీరు మాట్లాడకూడదు. ఆ అమ్మాయీ మీతో మాట్లాడదు. కారణం అడక్కండి," అన్నారు సూర్యనారాయణ గారు.

కారణం అడగొద్దంటే సన్యాసిరావు అడగలేదు. బయటికొచ్చి నానాజీని అడిగాడు.

"జడ్జిగారి కాడికి ఎల్తందండీ," అన్నాడు నానాజీ గొంతు తగ్గించి. "పక్కనే కుర్చీ. ఆయనకి కేసులన్నీ ఈవిడే సదివి సెప్తాదట."

తన కేసు వినే జడ్జిగారి పక్కన, తన కేసు రాసిన పిల్ల! సన్యాసిరావుకి చెడ్డ ఆలోచన రాలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. ఎవరింట శుభం జరిగినా బెల్లం దిమ్మ పంపడం తాతల నాటినుంచి వాళ్లింటి అలవాటు. పెళ్లయినా, పిల్ల పుట్టినా, సెంటు స్థలం కొన్నా దిమ్మే. మధ్యాహ్నానికల్లా పదమూడు కిలోల దిమ్మ దేవిశ్రీ ఇంటి గుమ్మంలో దిగింది.

ఇంట్లో ఆమె మామ్మ తలుపులమ్మ ఒక్కతే ఉంది. "మీ మనవరాలు గొప్పదవుతందట" అని చెప్పి దిమ్మ ఇస్తే ఏ మామ్మ కాదంటుంది? సాయంత్రం దేవిశ్రీ ఇల్లు చేరేసరికి పొయ్యి మీద గుండిగెడు పరమాన్నం కుతకుతలాడుతోంది. వీధిలో పదకొండిళ్లకి గిన్నెలు వెళ్లిపోయాయి. మామ్మ ఎదురొచ్చి, మాట వినకుండా, నోట్లో రెండు చెంచాలు పెట్టేసింది.

"బాగుందా?"

"బాగుంది. బెల్లం ఎక్కడిది మామ్మా?"

"సన్నాసిరావు బాబు పంపేడే!"

నోట్లోది మింగాలో ఉమ్మాలో తెలియక దేవిశ్రీ నిలబడిపోయింది. చివరికి మింగింది. ఫోన్లో ఏడుపు గొంతుతో సీనియర్ గారికి చెప్పింది.

"ఎన్ని చెంచాలు?" అన్నారాయన.

"రెండు సార్."

"ఫారంలో రాయి. పదకొండిళ్ల పేర్లూ రాయి. దిమ్మ వెంటనే తిప్పి పంపించు."

ఏ దిమ్మని పంపాలి? పావువంతు ఊరి కడుపులో ఉంది. అంతే బరువు కొత్త దిమ్మ కొని పంపేస్తే సరిపోతుందని మామ్మా మనవరాళ్లు తీర్మానించారు. మర్నాడు పొద్దున్నే తలుపులమ్మే స్వయంగా మార్కెట్టుకి వెళ్లి కొనుక్కొచ్చింది. నానాజీ దాన్ని బండి మీద పెట్టుకుని సన్యాసిరావు కొట్లో దింపేశాడు. అప్పటికి దేవిశ్రీ మనసు తేలికపడింది. ఆ తేలిక గంటసేపు నిలిచింది.

పదింటికి సన్యాసిరావు దిమ్మ వచ్చిన ఖాళీ గోనెసంచి చేత్తో పట్టుకుని ఆఫీసులోకి దూసుకొచ్చాడు. ఒక చేత్తో ఫ్లెక్సీ పక్కకి నెట్టి, సంచి దేవిశ్రీ బల్ల మీద పరిచాడు. సంచి మీద ఆకుపచ్చ సిరాతో రెండు చేపల ముద్ర.

"ఇదేటమ్మా ఇది? నానేటి అపకారం సేసేను? మా బెల్లం తిప్పి పంపేసేవు. మా ఇళ్లల్లో బెల్లం తిప్పితే సంబంధం వద్దన్నట్టు. మా గుంటడికి నిన్ను మేం అడగనేలేదు, అప్పుడే వద్దన్నావా? పోనీ అనుకున్నాను. ఇప్పి సూత్తే పోతురాజు ముద్ర! పోతురాజు బెల్లం తెచ్చి నా మొగాన కొట్టేవు!"

దేవిశ్రీ గబగబా ఇంటికి ఫోన్ చేసింది. "మామ్మా, పోతురాజు కొట్లో ఎందుకు కొన్నావే?"

"మరేటి సెయ్మంటావు?" అంది తలుపులమ్మ. "సన్నాసిరావు బెల్లం సన్నాసిరావు కాడే కొని సన్నాసిరావుకే ఇత్తే నవ్వరేటే ఊళ్లో?"

ఆ తర్కం ముందు న్యాయశాస్త్రం ఏం నిలుస్తుంది? సూర్యనారాయణ గారు సంచిని తనవైపు లాక్కుని చూశారు. తర్వాత "రాయి," అన్నారు. "సంబంధం అడగలేదనీ రాయి, కాదనలేదనీ రాయి. సంచి మీద ముద్ర ఎలా ఉందో బొమ్మ గీయి."

సన్యాసిరావుని సముదాయించి పంపేసరికి కబురు పోతురాజుకి చేరింది. చేరడమంటే ఎలా చేరింది? వకీలు గారి జూనియరమ్మ పనిగట్టుకుని పోతురాజు బెల్లం కొని శత్రువు ఇంటికి పంపిందని చేరింది. పోతురాజు కళ్లు చెమర్చాయట. తను పుట్టి బుద్ధెరిగాక తన బెల్లానికి అంతటి గౌరవం జరగలేదు. బుధవారం మధ్యాహ్నం పసుపు, కుంకుమ, బంతిపూల దండలతో రెండు దిమ్మలు ఆటోలో దేవిశ్రీ ఇంటికి వచ్చాయి. ఈసారి మామ్మ తలుపు తీయలేదు. ఆటో అతను వాటిని గుమ్మం ముందు దింపేసి వెళ్లిపోయాడు. చీమలు వచ్చాయి. నానాజీ వెళ్లి, ఇద్దరు సాక్షుల ముందు కాటా వేయించి, చీమలతో సహా వెనక్కి ఇచ్చి వచ్చాడు. సీనియర్ గారు చెప్పారు, దేవిశ్రీ రాసింది. చీమలకు ఒక వాక్యం.

ఫారంలో సంబంధాలు రాసే గడికి ఉన్నవి నాలుగు గీతలు. గురువారం సాయంత్రానికి దేవిశ్రీ రాసిన జత కాగితాలు పదకొండు పేజీలయ్యాయి. నిజం చెప్పొద్దూ, అవి చదివిన నానాజీ చెప్పులు విడిచి నిలబడ్డాడు.

ఆ రాత్రి రైల్లో విజయవాడ వెళ్తూ దేవిశ్రీ మళ్లీ చదువుకుంది. ఆరో పేజీ దాకా కేసు, ఫైలు, ఫ్లెక్సీ, తేదీలు. చదువుకున్న మనిషి రాసినట్టే ఉంది. ఏడో పేజీలో పరమాన్నం, రెండు చెంచాలు, సంబంధం గొడవ, రెండు చేపల బొమ్మ. మిగతా ఎనిమిది మందీ అక్కడ రాజ్యాంగం మాట్లాడతారు. తను చేపలు చూపిస్తుంది. ఈ పేజీ ఒక్కటి తీసేస్తే ఎవరికి తెలుస్తుంది? పిన్ను లాగి కాగితం చేతిలోకి తీసుకుంది కూడా. కానీ కళ్లు మూసుకుంటే ఫ్లెక్సీ మీది సీనియర్ గారు దండతో నమస్కారం పెడుతూ కనిపించారు. ఏలూరు దాటాక పిన్ను మళ్లీ గుచ్చేసింది. ఉద్యోగం పోయిందనే అనుకుంది, కాస్త ఏడ్చింది కూడా.

శుక్రవారం జడ్జిగారు పదకొండు పేజీలూ చదివారు. ఒక్కొక్కటీ చదివారు.

"ఈ పరమాన్నం మీరు తిన్నారా?" అన్నారు చివరికి.

"రెండు చెంచాలు, సార్. ఎవరి బెల్లమో తెలియక ముందు."

"చీమలు?"

"తొమ్మిదో పేజీలో ఉన్నాయి, సార్."

ఆయన నవ్వలేదు. ఏడో పేజీకి వెనక్కి వెళ్లి, రెండు చేపల బొమ్మను చాలాసేపు చూశారు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశారు. తర్వాత ఫోన్ తీసి ఇంట్లో భార్యకి కలిపారు.

"మనింటికి ఏటా ఉగాదికి బెల్లం వస్తుంది చూడు, చేపల సంచిలో. అదెవరు పంపుతారు? మీ పిన్ని అల్లుడా? ఏం పేరు?" ఆయన ముఖం నెమ్మదిగా మారింది. "పోతురాజా? అనకాపల్లిలోనా? నేనా? ఆ పెళ్లికి నేను కూడా వచ్చానా?"

ఫోన్ బల్ల మీద పెట్టి ఆయన వేళ్ల మీద లెక్కపెట్టారు. ఎన్ని ఉగాదులు, ఎన్ని పరమాన్నాలు! తన ముందున్న కేసులో ప్రతివాది బెల్లం తను ఏటా తింటున్నారు, అదీ రెండు చెంచాలు కాదు.

"ఇన్నేళ్లలో నా ముందు ఎంతోమంది నిలబడ్డారమ్మా," అన్నారాయన మెల్లిగా. "నేనేం తింటున్నానో నాకు చెప్పినదానివి నువ్వే." అప్పటికప్పుడు స్టెనోని పిలిచి, బండి దారి అప్పీలు తన దగ్గరనుంచి తప్పించి వేరే జడ్జిగారికి వేయమని ఉత్తర్వు చెప్పారు. తర్వాత దేవిశ్రీ కాగితం మీద సంతకం పెట్టారు. "ఇంక నీకు అడ్డం లేదు. ఎందుకంటే ఆ కేసే నా దగ్గర లేదు. సోమవారం వచ్చి చేరు."

దేవిశ్రీ బయటికొచ్చి మెట్ల మీద కూలబడింది. అప్పుడు తట్టింది. జడ్జి మారితే వాదన మళ్లీ మొదటినుంచి. తొమ్మిదేళ్ల ఎదురుచూపు, రెండు రోజుల వాదన, "పస ఉంది" అన్న మాట, అన్నీ పోయాయి. సీనియర్ గారికి ఫోన్ చేసింది.

"సార్, ఉద్యోగం వచ్చింది. కానీ మన కేసు... మీ కేసు..." అంటూ జరిగిందంతా చెప్పింది.



"ఏ పేజీ చూసి తెలిసింది ఆయనకి?" అన్నారు సూర్యనారాయణ గారు.

"ఏడో పేజీ, సార్."

"బొమ్మ గీయమన్నది నేనే కదా?"

"అవును సార్."

"బాగా గీశావన్నమాట," అన్నారాయన. "మళ్లీ వాదిస్తాలే అమ్మా. రెండోసారి ఇంకా బాగా వస్తుంది. నువ్వు మాత్రం ఆ తేదీన ఆ కోర్టు హాలు వైపు రాకు."

ఆమె ఏడుస్తూనే నవ్వింది. ఆయన ఫోన్ పెట్టేసి, నానాజీ చేత ఫ్లెక్సీ విప్పించి, మడతపెట్టి అటకెక్కించారు. ఆ సాయంత్రం ఆయన కాఫీ తాగలేదని నానాజీ తర్వాత చెప్పాడు.

బెల్లం మార్కెట్టులో మాత్రం కథ ఇంకోలా తిరిగింది. సన్యాసిరావు బెల్లం రెండు చెంచాలు తిని, పోతురాజు చేపల బొమ్మ ఒకటి గీసి, ఆ పిల్ల ఏకంగా జడ్జినే కేసులోంచి తప్పించేసిందని ఇద్దరు వ్యాపారులూ తొమ్మిదేళ్లలో మొదటిసారి ఒకే బల్ల మీద కూర్చుని, ముక్కున వేలేసుకుని చెప్పుకున్నారు.

ఇప్పుడు తలుపులమ్మ కిలో బెల్లం కొనడానికి ఏ కొట్టుకి వెళ్లినా, తమకూ ఆమెకూ ఏ సంబంధమూ లేదని కాగితం మీద వేలిముద్ర వేయించుకున్నాకే తూకం వేస్తున్నారు.