మూడు పిలుపుల సేవాకేంద్రం

మాజీ సైనికుల సహాయ కేంద్రం పరిధిలో వినికిడి సమస్య సంపూర్ణంగా నిర్మూలనమైందని స్థానిక వారపత్రిక నాలుగో పేజీలో సగర్వంగా ప్రకటించింది. పక్క గడిలో ఒక కుక్క తప్పిపోయిన ప్రకటన ఉంది. గోధుమ రంగు, కుడి చెవి కొంచెం తెగి ఉంటుంది, పేరు పెట్టి పిలిస్తే వెంటనే వస్తుంది అని అందులో రాశారు. ఫిరంగి బాబాయి రెండు వార్తలనూ శ్రద్ధగా చదివాడు. మొదటిది తన గురించే కనుక దాన్ని మరోసారి చదివాడు.

వీధిలో అందరూ ఆయన్ను ఆ పేరుతోనే పిలుస్తారు. ఇరవై రెండేళ్లు ఫిరంగుల దళంలో పనిచేశాడు. ఫిరంగి పేలేటప్పుడు నోరు తెరిచి ఉంచాలని, చెవుల్లో దూది పెట్టుకోవాలని అక్కడ ఆయనకు నేర్పారు. నోరు తెరవడం ఆయన ఏనాడూ మరచిపోలేదు. దూది మాత్రం ఎప్పుడూ వచ్చే నెలలో వస్తుండేది. కుడి చెవి సైన్యంలో ఉండగానే విరమణ తీసుకుంది. ఎడమ చెవి ఇల్లు చేరేదాకా ఓపిక పట్టి, ఆ తర్వాత మెల్లగా తప్పుకుంది. అందుకు ఆయన పెద్దగా చింతించలేదు. లోకం పలికే మాటల్లో విని తీరవలసినవి చాలా తక్కువని ఆయన అనుభవం. ఒక్క గొంతు మాత్రం కావలసివచ్చింది. భార్యది. అది ఎంత చెవుడునైనా దాటి వచ్చేంత గట్టిది.

ముప్పై ఎనిమిదేళ్లు ఆ దంపతులు ప్రతి ఉదయమూ క్రమం తప్పకుండా తగాదా పడ్డారు. కిటికీ తెరవాలా, బీరువా తాళం ఎవరు ఎక్కడ పెట్టారు వంటి చిల్లర విషయాలు ఏ రోజుకారోజు తేలిపోయేవి. ఒక్కటి మాత్రం ముప్పై ఒక్క ఏళ్లుగా తేలలేదు. కొత్త గొడుగును రైల్లో మరచిపోయింది ఎవరు? ఇద్దరి దగ్గరా బలమైన సాక్ష్యాలున్నాయి. రెండేళ్ల క్రితం ఆమె గొంతుకు ఆపరేషన్ జరిగింది. విజయవంతమైందని డాక్టరు చెప్పాడు. ఆ సంగతి ఆమె భర్తకు చెప్పింది గానీ ఆయనకు వినపడలేదు, ఎందుకంటే ఆమెకు మిగిలింది గుసగుస ఒక్కటే.

పలకా బలపమూ కొన్నారు. అయితే పలక మీద తగాదా సాగదని త్వరలోనే తెలిసింది. "మీరెప్పుడూ ఇంతే" అని ఆమె రాసేలోగా బలపం విరిగేది. కొత్త ముక్క దొరికేలోగా కోపం చల్లారేది. ఇల్లు నిశ్శబ్దమైపోయింది. ఇరుగుపొరుగు సంతోషించారు. వారపత్రిక వారి ఫోటో వేసి, కింద "అన్యోన్య దంపతులు" అని రాసింది. ఆ ఫోటో చూసి ఆమె చాలాసేపు ఏడ్చింది. అదీ ఆయనకు వినపడలేదు.

అందుచేత ఆయన చెవి మిషను కోసం కేంద్రానికి దరఖాస్తు పెట్టాడు.

కేంద్రం గురించి రెండు మాటలు చెప్పాలి. ఇతర కార్యాలయాల్లో చీటీ ఇస్తారు, గోడ మీద ఎర్ర అంకె వెలుగుతుంది. దేశం కోసం నిలబడ్డ మనిషిని అంకెగా మార్చడం అమర్యాద అని కేంద్రం సంచాలకుడు ఒక ఉదయం గ్రహించాడు. ఆనాడే అంకెల పెట్టెను విప్పించి, సైనిక సంప్రదాయం ప్రకారం హాజరు పిలుపు ప్రవేశపెట్టాడు. గుమాస్తా పేరునూ దళాన్నీ మూడుసార్లు బిగ్గరగా పిలుస్తాడు. "హాజర్" అన్నవారికి సేవ అందుతుంది. పలికినవాడే ఆ పేరు గలవాడని నిబంధన. పలకనివారి దరఖాస్తు మీద "పిలువగా పలకలేదు, సేవ అవసరం లేదని భావించడమైనది" అని ముద్ర పడుతుంది. అంత వాక్యమూ ఒకే రబ్బరు ముద్రలో ఇమిడేలా చెక్కించడం సంచాలకుడి దూరదృష్టికి నిదర్శనం. సైనికుడు స్వయంసమర్థుడు కనుక తోడు వచ్చినవారు గుమ్మం దగ్గరి పసుపు గీత దాటరాదు.

ఉన్నాడనడానికి రుజువు పలకడమే అని ఈ కేంద్రం తేల్చింది. ఇంత సూక్ష్మమైన తత్త్వవిచారం రబ్బరు ముద్ర రూపంలో దొరకడం అరుదు.

వరుసగా నాలుగు మంగళవారాలు ఫిరంగి బాబాయి ఇస్త్రీ చొక్కా వేసుకుని, మూడో వరుసలో, మోకాలి మీద టోపీ పెట్టుకుని నిటారుగా కూర్చున్నాడు. నాలుగుసార్లూ ముద్ర పడింది. రెండోవారం బల్ల దగ్గరికి నేరుగా వెళ్లి నిలబడితే, గుమాస్తా ఓపికగా ఒక కాగితం మీద "పేరు పిలిచినప్పుడు రండి" అని రాసి చూపించాడు. ఆదేశం స్పష్టంగా ఉంది. ఆయన కృతజ్ఞతలు చెప్పి, వెళ్లి కూర్చున్నాడు.

"వీరుల మూల" అనే శీర్షిక కోసం హాలులో కూర్చునే వారపత్రిక విలేఖరి ఇదంతా గమనిస్తూనే ఉన్నాడు. పిలిచి ఇస్తామన్నా కదలని ఆ మనిషి అతన్ని కదిలించాడు. "చేయి చాచని యోధుడు" అని అరపేజీ రాశాడు. అది చదివిన మరో ముగ్గురు మాజీ సైనికులు, ఒకరికి కళ్లద్దాలు, ఇద్దరికి నడుం పట్టీలు రావలసినవారు, సిగ్గుపడి రావడం మానేశారు. దరఖాస్తుల సంఖ్య తగ్గిందని సంచాలకుడు గోడ మీద గీత గీయించాడు. గీత కిందికి దిగే కొద్దీ సేవ పైకి వెళుతోందని అర్థం.

ఐదో మంగళవారం భార్య తోడు వచ్చింది. పసుపు గీతకు అంగుళం ఇవతల నిలబడి, భర్త పేరు వినపడగానే ఒంట్లో ఉన్న బలమంతా కూడదీసుకుని "హాజర్" అని గుసగుసలాడింది. చేయి కూడా ఊపింది.

"చెయ్యి ఊపితే కుదరదమ్మా. నోటితో చెప్పాలి," అన్నాడు గుమాస్తా.

"చెప్పాను నాయనా."

"ఏంటమ్మా?"

"చెప్పాననే అంటున్నా."

"అమ్మా, మీరు పెదాలు ఆడిస్తున్నారు గానీ నాకేం వినపడట్లేదు."

ముద్ర పడింది. గుమాస్తాకు ఉద్యోగంలో చేరేటప్పుడు వైద్య పరీక్ష జరిగిందని, రెండు చెవులూ శ్రేష్ఠమని ధ్రువపత్రం ఉందని ఇక్కడ మనవి చేసుకోవాలి.

ఆరో వారం ఆయన యుద్ధతంత్రం మార్చాడు. గుమాస్తా నోరు బాగా పెద్దగా తెరుచుకున్న క్షణం చూసి, ఫిరంగి స్థాయిలో "హాజర్!" అన్నాడు. వెంటనే బల్ల దగ్గరికి పిలిచి, సంతకం పెట్టించుకుని, చేతికి పొడవాటి అట్టపెట్టె ఇచ్చారు. చెవి మిషను ఇంత పెద్దదా అని ఆయన ఆశ్చర్యపడ్డాడు. తన చెవుల పరిస్థితికి తగిన సైజు ఇచ్చి ఉంటారని సమాధానపడ్డాడు. మెట్ల మీద కూర్చుని విప్పి చూస్తే ఎడమ కాలు.

చంకల కింద కర్రలతో టకటకమంటూ ఒక మనిషి వెనకే వచ్చాడు. సైన్యంలో లారీ డ్రైవరుగా ఉండి, ఒక వంతెన దగ్గర ఎడమ కాలు వదిలి వచ్చినవాడు.

"బాబాయ్! అది నా కాలు బాబాయ్! పద్నాలుగు నెలలైంది అడిగి! లోపల గొంతు సవరించుకునేలోగా నువ్వు అరిచేశావు!"

బాబాయికి మాట వినపడలేదు గానీ, ఖాళీగా వేలాడుతున్న ప్యాంటు కాలు చూశాక వినవలసిన అవసరం కనిపించలేదు. కాలు అతని చేతిలో పెట్టాడు. డ్రైవరు అక్కడే మెట్ల మీద కూర్చుని పట్టీలు బిగించుకుని లేచి నిలబడ్డాడు. అచ్చంగా సరిపోయింది. దరఖాస్తు పెట్టిన వస్తువు దరఖాస్తు పెట్టిన మనిషికి చేరడం కేంద్రం చరిత్రలో అదే ప్రథమం. అది మెట్ల మీద జరిగినందున రిజిస్టరులోకి ఎక్కలేదు.

డ్రైవరు అట్టపెట్టె మూత చింపి, దాని మీద రాసి చూపించాడు: "వచ్చే మంగళవారం నేను వింటా. నువ్వు పలుకు."

ఏడో వారం ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. పేరు వినపడగానే డ్రైవరు కొత్త కాలితో బాబాయి బూటు తొక్కాడు. "హాజర్!" అని లేచిన గొంతుకు గుమాస్తా చేతిలో కలం జారింది. అతను నిజంగా సంతోషించాడు. దరఖాస్తు తెరిచి, "కోరిన సేవ: వినికిడి యంత్రం" అని చదివి, కింద ఉన్న గడిలో అందమైన అక్షరాలతో నింపాడు: "అభ్యర్థి మొదటి పిలుపుకే పలికెను. వినికిడి సంతృప్తికరం. యంత్రం అవసరం లేదు."

డ్రైవరు బల్ల మీదికి వంగాడు. "సార్, ఆయనకి వినపడి కాదు సార్! నేను కాలితో తొక్కితే అరిచాడు!"

"ఏ కాలితో?"

"ఈ ఎడమ కాలితో."

గుమాస్తా రిజిస్టరు తిరగేశాడు. బాబాయి సంతకం మీద వేలు పెట్టి చూపించాడు. "మీకు ఎడమ కాలు ఇవ్వలేదండీ. అది ఈయనకిచ్చాం. లేని కాలితో ఎలా తొక్కుతారు? పెద్దవారు, ఆఫీసులో అబద్ధాలు చెప్పకండి."

డ్రైవరు కిందికి చూసుకున్నాడు. కాలు ఉంది. రిజిస్టరు చూశాడు. లేదు. కాసేపటికి అతనికే అనుమానం వచ్చి, వెళ్లి మూలన ఆనించిన కర్రలు పట్టుకుని నిలబడ్డాడు.

ఆ శనివారమే పత్రికలో కుక్క ప్రకటన పక్కన నిర్మూలన వార్త వెలువడింది. ఆదివారం ఉదయం సభ జరిగింది. నాలుగు వందల మంది వచ్చారు. వేదిక మీద సంచాలకుడి పక్కన చోటు చాలక, ఫిరంగి బాబాయి కుర్చీని మనిషెత్తు సౌండు బాక్సుకు ఆనించి వేశారు.

సంచాలకుడు సైనిక పద్ధతిలో మైకును పక్కకు జరిపి, గొంతు సవరించుకున్నాడు. "సోదర సోదరీమణులారా! ఈ వీరుడు ఒకనాడు మూడు పిలుపులకూ పలకలేదు. ఈనాడు మొదటి పిలుపుకే పలుకుతున్నాడు! మందు వాడామా? లేదు. యంత్రం ఇచ్చామా? ఇవ్వలేదు! పిలిచాం! ప్రేమగా, పట్టుదలగా, ప్రతి మంగళవారం పిలిచాం! ప్రపంచంలో ఏ వైద్యుడూ కనిపెట్టని చికిత్స ఇది!"

చప్పట్లు మోగాయి. జనం చేతులను చూసి బాబాయి తానూ కొట్టాడు.

కార్యక్రమ పత్రంలో ఏడో అంశం "వీరపత్ని కృతజ్ఞతలు, ఒక నిమిషం". ఆమె మైకును పెదాలకు ఆనించి పట్టుకుంది.

"ఈయనకి వినపడదు. అస్సలు వినపడదు. ఆ మిషను ఇప్పించండి. నేను చెప్పేది ఇంతే."

చప్పట్లు దద్దరిల్లాయి. కానీ ఆమె చప్పట్లను చూడలేదు. కుర్చీలోంచి లేచి, సౌండు బాక్సుకు వీపు ఆనించి నిలబడిన భర్తను చూస్తోంది. ఆ గుసగుస సౌండు బాక్సులో పెరిగి, కుర్చీ వెన్నులోంచి, ఆయన ఎముకల్లోంచి, రెండేళ్ల తర్వాత లోపలికి వచ్చింది.

"ఏవండీ, వినపడుతోందా?"

"వినపడుతోందే!"

"అయితే వినండి. ఆ గొడుగు రైల్లో మరచిపోయింది మీరే."

"నేనా! సంచులన్నీ నాకు తగిలించి, గొడుగు నేను తెస్తానన్నది ఎవరు?"

"నేను తెస్తానన్నది నీళ్ల సీసా. గొడుగు కిటికీకి తగిలించింది మీరు."

"తగిలించమన్నది ఎవరు మరి?"

ఆమె కళ్లు మెరిశాయి. జవాబు చెప్పడానికి గట్టిగా ఊపిరి తీసుకుంది. అప్పుడే గంట మోగింది. నిమిషం పూర్తయినందున సంచాలకుడు మర్యాదగా మైకు తీసుకున్నాడు. ఆమె పెదాలు కదులుతూనే ఉన్నాయి.

"ఏమిటే? ఏమంటున్నావు? గట్టిగా చెప్పవే!" అని ఆయన అరిచాడు. సభ లేచి నిలబడింది.

"గొడుగు!" అన్నాడు సంచాలకుడు, కళ్లు ఒత్తుకుంటూ. "ఎంత లోతైన మాట! ఆ గొడుగు ఏదో కాదు, మన కేంద్రమే!"

మర్నాడు విలేఖరి వాళ్లింటికి వచ్చాడు. నోటుపుస్తకంలో "చప్పట్లు" అని తప్ప ఏమీ లేదు. ఆమె సరిగ్గా ఏమన్నదో సభలో చాలామందిని అడిగాడట. ఆమె చాలా బాగా మాట్లాడిందనే అందరూ చెప్పారట, ఏం మాట్లాడిందో ఎవరికీ గుర్తులేదు. పలక మీద ఆ ప్రశ్న చదివి, ఫిరంగి బాబాయి మొదటి మాట నుంచి చివరి మాట దాకా పొల్లుపోకుండా అప్పజెప్పాడు. విలేఖరి రాసుకున్నాడు. శనివారం "కేంద్రం మాకు గొడుగు: వీరపత్ని" అనే వార్త వచ్చింది. పక్క గడిలో, కుక్క దొరికిందని, ఒక్క పిలుపుకే వచ్చిందని తెలిపి, సహకరించిన అందరికీ యజమాని కృతజ్ఞతలు చెప్పాడు.

బాబాయి పత్రిక మడిచి, పలకను భార్య ముందుకు జరిపాడు. "తగిలించమన్నది ఎవరు? రాయి."

ఆమె రెండక్షరాలు రాసి, ఆగి, కొంగుతో తుడిచేసింది. కొత్తగా ఇలా రాసింది: "అది రాసే మాట కాదు. వినాలి."

ఆయన మళ్లీ దరఖాస్తు పెట్టాడు. మంగళవారం మూడో వరుసలో కూర్చుంటాడు. ఆనాటి సభ ఫోటోలో, లేచి నిలబడి చప్పట్లు కొడుతున్నవారి మధ్య మీరూ నేనూ స్పష్టంగా కనిపిస్తున్నాం. మన చెవులకు ఏ లోపమూ లేదని ఆ ఫోటోయే ధ్రువపత్రం.