పిడికెడు పత్తి

2004 డిసెంబరు ఇరవై నాలుగో తేదీ కోసం శేఖర్ వేసుకున్న ప్రణాళికలో ఎక్కడా లోపం లేదు. ఎనిమిదికి బడికి చేరడం, పదింటికల్లా స్టేజీ మీద యేసు పుట్టిన పశువుల పాక అలంకరణ ముగించడం, పన్నెండింటికి క్రిస్మస్ కార్యక్రమం అయిందనిపించడం, ఒంటిగంటకు వనపర్తి బస్టాండులో బస్సెక్కడం, పొద్దుగూకకముందే ఇటిక్యాలలో అత్తగారింటి గడప తొక్కడం. బ్యాగు కూడా సర్దుకుని బడికే తెచ్చుకున్నాడు. అందులో మూడు నెలల కూతురికి తెల్ల గౌను, భార్య రెబెకాకు చీర, మామ వెంకటన్నకు పంచె ఉన్నాయి.

వెళ్ళక తప్పని ప్రయాణం అది. మర్నాడు ఉదయం తొమ్మిదిన్నరకు ఇటిక్యాల చర్చిలో పాపకు పేరు పెట్టే ప్రార్థన. అక్కడ ఒక పద్ధతి ఉంది. పాస్టరు బిడ్డను చేతుల్లోకి తీసుకుని తండ్రిని పేరడుగుతారు. తండ్రి లేకపోతే తాతను అడుగుతారు. చెప్పిన పేరు చర్చి పుస్తకంలోకి ఎక్కుతుంది, ఎక్కాక ఇక దిగదు. శేఖర్, రెబెకా ఆరు నెలలు బైబిలు తిరగేసి 'కెజియా' అని ఖాయం చేసుకున్నారు. వెంకటన్నకు అది బిడ్డ పేరులా లేదు, దగ్గుమందు పేరులా ఉంది. చనిపోయిన తన తల్లి పేరు జమ్ములమ్మ అని పెడితే ఎవరి సొమ్మేం పోతుందని ఆయన వాదన. పరీక్షల డ్యూటీ పడి శేఖర్ ఇరవై ఒకటో రోజు వేడుకకు వెళ్ళలేదు. ఈసారి కూడా వెళ్ళకపోతే కూతురు జమ్ములమ్మ అయిపోవడం ఖాయం, నోరెత్తే మొహం కూడా ఉండదు.

శేఖర్ ఆ ప్రైవేటు హైస్కూల్లో డ్రాయింగు సారు. మంచు కురవడం గ్రీటింగు కార్డుల మీద తప్ప ఎక్కడా చూసిన మనిషి కాదు. కార్డుల్లో బెత్లెహేము నిండా మంచు ఉంటుంది కాబట్టి తన పశువుల పాక మీదా ఉండాలనుకున్నాడు. రెండు రోజుల ముందు మూడు వందల మంది పిల్లల డైరీల్లో ఒకటే మాట రాయించాడు: 'క్రిస్మస్ కార్యక్రమానికి పత్తి పంపగలరు. ఎంత పంపినా సంతోషం.' అతని లెక్కలో ఇంటికి పిడికెడు.

నాగర్‌కర్నూలులో దర్జీ దుకాణం మీద పుట్టి పెరిగిన శేఖర్‌కు పత్తి రైతుల సంగతి తెలియదు. పంట ఇంటికొచ్చే రోజుల్లో జాతరకైనా ఉర్సుకైనా చర్చికైనా అడిగేవాళ్ళు కొలత చెప్పి అడగరు, ఇచ్చేవాళ్ళు కొలిచి ఇవ్వరు. 'ఎంతైనా సంతోషం' అన్నారంటే అది ఇచ్చేవాడి మర్యాదకు పరీక్ష. పైగా అంతకుముందు రెండేళ్ళు వానల్లేక పత్తి చేతికి రాలేదు. ఆ రెండేళ్ళలో ఈ బడి ఒక్క పిల్లను కూడా ఫీజు కట్టలేదని బయట నిలబెట్టలేదు. ఈ ఏడు పండింది. బడి నోరు తెరిచి అడగడం ఇదే మొదటిసారి.

మొదట సుల్తానాబీ వచ్చింది. ఆమె భర్త హైదర్‌కు బస్టాండు వెనక పరుపులు కుట్టే దుకాణం ఉంది, పిల్లలిద్దరూ ఈ బడిలోనే చదువుతున్నారు. శుభ్రంగా ఏకిన తెల్లటి దూది ఒక మూట తెచ్చింది. శేఖర్ మురిసిపోయాడు. ఆ ఒక్క మూటతో బెత్లెహేమే కాదు, యెరూషలేము దాకా మంచు పరచవచ్చు. ఇక చాలని అప్పుడే గేటు దగ్గర ఒక మాట చెప్పి ఉంటే సరిపోయేది. చెప్పలేదు.

తర్వాత కురుమూర్తి వచ్చాడు. కొత్తకోట రోడ్డులో ఐదెకరాల రైతు. సైకిలు మీద గోనెసంచి నిండా గింజ తీయని పత్తి తెచ్చి, సుల్తానాబీ మూట చూసి ఆగిపోయాడు. దుకాణం వాళ్ళే అంత ఇస్తే రైతు ఇంతేనా అని నలుగురూ అనుకోరా. సంచి దించి వెళ్ళి ట్రాక్టరుతో తిరిగొచ్చాడు. ట్రాక్టరును చూసినవాళ్ళు తమ చేతిసంచుల వైపు చూసుకుని సిగ్గుపడి, వాళ్ళూ వెనక్కి వెళ్ళారు. తొమ్మిదిన్నరకల్లా ఆటోల్లో, ఎడ్లబండ్ల మీద, నెత్తిన మూటలతో పత్తి రావడం మొదలైంది. స్టాఫ్ రూము నిండింది, ఆఫీసు నిండింది, ఇక మిగిలింది స్టేజీ.

కార్యక్రమం జరగనైతే జరిగింది. మరియమ్మ వేషం వేసిన సాదియా నడుము దాకా పత్తిలో కూరుకుపోయి, ఆ స్థితిలోనే దేవదూతకు జవాబు చెప్పింది. పశువుల తొట్టిలో ఉండాల్సిన బాలయేసు బొమ్మ ఎటో జారిపోయింది. ముగ్గురు జ్ఞానులు నక్షత్రం సంగతి వదిలేసి మోకాళ్ళ మీద వెతికారు. పావుగంట తర్వాత బొమ్మ దొరికింది, హెడ్మాస్టరు దశరథం గారు కుర్చీ లేక కూర్చున్న పత్తి కుప్ప కింద.

దశరథం గారు మంచి మనిషే గాని భయం ఎక్కువ. రేపటి నుంచి పది రోజులు సెలవులు. ఎవడో బీడీ పారేస్తే చాలు, బడి బూడిదవుతుంది. ఆయన శేఖర్‌ను పక్కకు పిలిచారు.

"అడిగింది నువ్వు, పంపించేది కూడ నువ్వే. ఈ పత్తి గేటు దాటినంకనే నువ్వు గేటు దాటాలె."

శేఖర్ గేటు దగ్గర నిలబడి ఎవరి పత్తి వాళ్ళను తీసుకుపొమ్మని చేతులు జోడించాడు. ఎవరూ తీసుకోలేదు సరికదా, చిన్నబుచ్చుకున్నారు. తన పత్తిలో ఏం లోపం కనబడిందని కురుమూర్తి నిలదీశాడు. సుల్తానాబీ ముఖం మీదే చెప్పింది.

"ఇచ్చింది వాపస్ తీసుకునే రివాజు మాకు లేదు సార్. వద్దనుకుంటే ముందుగాల్నే చెప్పాలె."

ఒంటిగంట బస్సు వెళ్ళిపోయింది. శేఖర్ మెట్ల మీద కూర్చుని, రెబెకాకు ఏం చెప్పాలో తోచక, బ్యాగులోంచి తెల్ల గౌను తీసి చూసుకుని మళ్ళీ లోపల పెట్టాడు.

అప్పుడు భార్యను వెతుక్కుంటూ హైదర్ వచ్చాడు. అతను ఎవరినీ ఏమీ అడగలేదు. ఒక సంచిలోంచి చిటికెడు పత్తి తీసి, వేళ్ళ మధ్య సాగదీసి చూసి, బడి వెనక ఉన్న హాస్టలు వైపు చెయ్యి చూపించాడు. తల్లిదండ్రులు దూరప్రాంతాల్లో వలస పనులకు పోయిన ఆడపిల్లలు నలభై మంది సెలవులకు కూడా అక్కడే ఉంటారు. ఈ చలిలో చాపల మీద పడుకుంటున్నారు.

"నలభై బొంతలు ఆరాంగ అయితయి సార్. కుట్టుకూలి నాకొద్దు. ముందుగాల గింజ తీయించుడే జర పని."

గింజ తీసే మిల్లు ఎర్రవల్లి చౌరస్తా అవతల ఉంది. ఆ యజమాని హైదర్‌కు తెలిసినవాడు, గింజలు ఉంచుకుని దూది ఇచ్చేస్తాడు. ట్రాక్టరు నాదే అన్నాడు కురుమూర్తి. బడి తరఫున ఒక మనిషి వెంట ఉండాలన్నారు దశరథం గారు, శేఖర్ వైపే చూస్తూ. ఎర్రవల్లి దాటితే ఇటిక్యాల ఎంతో దూరం లేదు కాబట్టి శేఖర్ ప్రాణం లేచొచ్చింది. కానీ ట్రాలీ నింపి, తొక్కి, వల కట్టేసరికి పొద్దు గూకింది. పొగమంచులో రాత్రిపూట హైవే ఎక్కనని, తెల్లారి ఆరింటికి కదులుదామని కురుమూర్తి తేల్చేశాడు. ఆఖరి బస్సు పోతూ కొట్టిన హారను శేఖర్‌కు ట్రాలీ మీద పత్తి తొక్కుతుండగానే వినబడింది.

ఎస్టీడీ బూతు నుంచి ఇటిక్యాలలో పక్కింటికి ఫోను చేసి రెబెకాను పిలిపించాడు.

"రేపు తొమ్మిదిన్నరకు నువ్వు చర్చిల లేకుంటే మా నాయిన చెప్పేస్తడు," అంది రెబెకా. "ఇప్పటికే తెల్లంగి ఇస్త్రీ చేపిచ్చుకున్నడు. ఇంతకు నువ్వు గాడ ఏం చేస్తున్నవు?"

"పత్తి తొక్కుతున్న," అని శేఖర్ నిజమే చెప్పాడు.

క్రిస్మస్ రోజు తెల్లవారుజామున పొగమంచు ఎంత దట్టంగా ఉందంటే ట్రాక్టరు ముందు చక్రాలు కురుమూర్తికే కనిపించలేదు. హైదర్ మడ్‌గార్డు మీద కూర్చుని దారి చెబుతున్నాడు. శేఖర్‌కు పత్తి మీద చోటిచ్చారు. బోర్లా పడుకుని వల పట్టుకున్నాడు. వల సందుల్లోంచి దూది లేచి వెనక్కి ఎగురుతోంది. వెనకొచ్చే లారీలవాళ్ళు ఇదేం వానో తెలియక వైపర్లు వేశారు. పెబ్బేరు దాటేసరికి శేఖర్ జుట్టు, గడ్డం, మీసం, కనుబొమ్మలు తెల్లబడ్డాయి. కార్డుల్లో చూసిన మంచు ప్రయాణమే అచ్చంగా అతనికి పాలమూరు జిల్లాలో దొరికింది. ఆనందించే స్థితిలో మాత్రం లేడు.

బీచుపల్లి వంతెన దగ్గర కృష్ణానది మీది పొగమంచుకు ట్రాక్టరు నడకకు దిగింది. అక్కడ ఒక మనిషి ఆగిపోయిన మోటారు సైకిలు పక్కన నిలబడి చెయ్యెత్తాడు. మంకీ క్యాపు, పైన శాలువా, కళ్ళు తప్ప ఏమీ కనిపించడం లేదు. ఇటిక్యాలలో చిన్న పనుందట. బండిని తాడుతో ట్రాలీకి కట్టి, మనిషిని శేఖర్ పక్కన ఎక్కించారు. పండుగ పూట పత్తి మీద ప్రయాణమేందని ఆయన మర్యాదకు అడిగాడు.

అడగడమే ఆలస్యం. నిన్న పొద్దుటి నుంచి ఎవరితోనూ చెప్పుకోలేనిదంతా శేఖర్ ఇంజను చప్పుడుకు మించి అరుస్తూ చెప్పుకున్నాడు. డైరీలో రాయించిన మాట చెప్పాడు. కెజియా అంటే బైబిల్లో యోబు కష్టాలన్నీ తీరాక పుట్టిన కూతురని చెప్పాడు. పెళ్ళైన ఏడేళ్ళకు, రెండు సార్లు దవాఖాన నుంచి ఉత్త చేతులతో తిరిగొచ్చాక తమకు పుట్టిన పిల్లకు అంతకన్నా తగిన పేరు లేదని చెప్పాడు. ఆ తర్వాత మామ మొండితనం మీదికి, అక్కణ్నుంచి పాస్టరు మీదికి వెళ్ళాడు.

"కొత్తగ వచ్చిండట అన్నా. నేనింక సూడలే. టైమంటే టైమేనట, ఒక్క నిమిషం ఆగడట. మా మామ ఈపాటికి నాటుకోడి కోపిచ్చి ఆయన్ని తనదిక్కు తిప్పుకొనే ఉంటడు."

"కోడికి తిరిగే మనిషేనంటవా?" అన్నాడు మంకీ క్యాపు.

"నాటుకోడికి తిరగనోళ్ళు ఎవరున్నరన్నా."

ఆ మనిషికి అప్పుడు దగ్గొచ్చింది. దూది పోయిందేమోనని శేఖర్ వీపు నిమిరాడు.

చర్చి ముందు ట్రాక్టరు ఆగేసరికి పది దాటింది. కురుమూర్తి, హైదర్ మోటారు సైకిలు విప్పి ఇచ్చి మిల్లు దారి పట్టారు. శేఖర్ అప్పటికే దూకి లోపలికి పరుగెత్తాడు. తెల్లటి గడ్డం, మీసాలతో ఊడిపడ్డ మనిషిని చూసి పిల్లలు క్రిస్మస్ తాత వచ్చాడని కేకలు పెట్టారు. ముందు వరసలో వెంకటన్న మడత నలగని తెల్ల చొక్కాతో కూర్చుని ఉన్నాడు. పాస్టరు నిలబడే చోట ఎవరూ లేరు. అంతా అయిపోయిందనుకున్నాడు శేఖర్. రెబెకా దగ్గరకొచ్చి అతని కనుబొమ్మల మీది దూది తీస్తూ, పాస్టరే ఇంకా రాలేదని చెవిలో చెప్పింది.

అంతలో వెనక నుంచి శాలువా మనిషి వచ్చాడు. మంకీ క్యాపు తీసి, భుజాల మీది పత్తి దులుపుకుని, నడిమధ్య దారిలో ముందుకు నడిచాడు. చర్చంతా లేచి నిలబడింది. శేఖర్ కూడా నిలబడ్డాడు. గోడ పట్టుకుని.

పాటలు, ప్రార్థనలు అయ్యాయి. పాస్టరు పాపను చేతుల్లోకి తీసుకుని, శేఖర్ వైపు తిరిగి పేరడిగారు. శేఖర్ నోరు తెరిచాడు. బీచుపల్లి నుంచి ట్రాక్టరుతో పోటీ పడిన గొంతులో దూది తప్ప ఏమీ మిగల్లేదు. గాలి మాత్రం వచ్చింది. మింగి మళ్ళీ ప్రయత్నించాడు, మళ్ళీ గాలే. తండ్రి ఉండీ లేనట్టే కాబట్టి వెంకటన్న సావకాశంగా లేచి, అంగీ సర్దుకుని, గొంతు సవరించుకున్నాడు. రెబెకా కళ్ళు మూసుకుంది.

పాస్టరు తలెత్తలేదు. "కెజియా," అన్నారు. "కష్టాలు తీరినంక పుట్టిన బిడ్డ. తండ్రి నాకు బీచుపల్లి నుంచి చెప్పుకుంటనే వచ్చిండు. ఇంతకన్న గట్టిగ పేరు చెప్పినోన్ని నేను సూడలే."

పేరు పుస్తకంలోకి ఎక్కింది. శేఖర్ కళ్ళ నీళ్ళు బుగ్గల మీది దూదిలో ఇంకిపోయాయి. ఎంత తేలికపడ్డాడంటే, ఆ క్షణాన ఎవరైనా అడిగితే ఇంకో ట్రాలీ పత్తి తొక్కేవాడు. పాపను అందుకుని గుండెకు హత్తుకున్నాడు. ఒంటి మీదున్న పత్తిలో సగం ఆమెకు అంటుకుంది.

వెంకటన్న లేచి వచ్చాడు. గొడవ తప్పదని అందరూ అనుకున్నారు. ఆయన పాప జుట్టులోంచి ఒక దూది పోగు తీశాడు. ఇంకొకటి తీశాడు. తర్వాత చెయ్యి ఆగిపోయింది.

"మా అమ్మ కూలికాడ్నుంచి వస్తే నెత్తి నిండ గిట్లనే పత్తి ఉంటుండె," అన్నాడు. "నేను ఒళ్ళె కూసొని ఏరుతుంటి." పాప చెంప నిమిరాడు. "నీ పేరు నువ్వు రాసుకో అల్లుడ. నేనైతే పత్తమ్మ అంట."

హాస్టలు పిల్లలకు నలభై బొంతలు కొత్త సంవత్సరానికి ముందే అందాయి. మిగిలిన దూదితో సుల్తానాబీ ఒక చిన్న బొంత కుట్టి ఇటిక్యాలకు పంపింది. ఐదేళ్ళ తర్వాత శేఖర్ కూతుర్ని బడిలో చేర్చడానికి తీసుకెళ్ళాడు. దశరథం గారు పేరడిగితే, తండ్రి నోరు తెరిచేలోపు పాపే పత్తమ్మ అని చెప్పేసింది.