హారతి పళ్ళెం కేసు

ఆ శుక్రవారం పొద్దున్న యర్రయ్య పెట్టుకున్న పని చిన్నదే. అమ్మవారి గుడి తాళం తియ్యాలి, ఊడ్చాలి, సాయంత్రం హారతికి కర్పూరం సర్దాలి, వచ్చి టీ తాగాలి. తాళం తీశాడు. హారతి పళ్ళెం లేదు. తాళం విరగలేదు, కిటికీ ఊచలు వంగలేదు. తాతలు తెలుగుదేశం నుంచి ఓడలో తెచ్చిన ఇత్తడి పళ్ళెం మాత్రం లేదు.

పంతొమ్మిదివందల ఎనభై ఎనిమిది వానాకాలం అది. రంగూన్ అంతా సర్కారు మీద తిరగబడింది. పోలీసులు కనబడటం మానేశారు. తెలుగువాళ్ళుండే పజుండౌంగ్ పేటలో వీధి వీధికీ వెదురు కంచె కట్టి జనమే కాపలా కాస్తున్నారు. కొత్త మనిషి కనబడితే చేతికందిన గిన్నో పళ్ళెమో మోగించాలి, విన్నవాళ్ళు కర్రలతో రావాలి. పళ్ళెం పోయిందని చెప్పుకోవడానికి పోలీసు లేడు. సాయంత్రంలోగా దొరక్కపోతే గుడి పెత్తనం అదే పేటలో ఉండే అచ్చెన్నకి పోతుంది. దానికోసం అచ్చెన్న యర్రయ్య పెళ్ళికి ముందునుంచీ కాచుకుని ఉన్నాడు.

యర్రయ్యకి ఒక్క దారే తెలుసు. ఓడలో పనిచేసే బావమరిది ఒకసారి వీడియో కేసెట్టు తెచ్చాడు. ఇంగ్లండు టీవీలో వచ్చే డిటెక్టివు కథలు. దేశం తలుపులు మూసుకుని కూర్చుంది గనక రెండో కేసెట్టు రాలేదు. టీకొట్టులో పేటంతా దాన్నే మళ్ళీ మళ్ళీ చూసింది. ఇంగ్లీషు ఎవరికీ రాదు. ఆ డిటెక్టివు పొడుగు కోటు వేసుకుంటాడు. పేపరుకి రెండు కన్నాలు పెట్టి అందులోంచి చూస్తాడు. గోతిలో పడతాడు. పడ్డప్పుడల్లా కనబడని జనం ఘొల్లున నవ్వుతారు. అది నవ్వుకోడానికి తీసిందని యర్రయ్యకి చెప్పినవాడు లేడు. ఆ దేశంలో ఇరుగుపొరుగు మంచివాళ్ళు కారని అనుకున్నాడు, అంతే.

డిటెక్టివు కేసు సంగతి ఇంట్లో చెప్పడు. యర్రయ్యా చెప్పలేదు.

"ఆ మూటేటి?" అని అడిగింది భార్య బాలామణి.

"చాకలికి."

"చాకలోడు పారిపోయి నెలయింది గదా?"

"ఎతుకుతాను."

మూటలో బావమరిది ఓడకోటు, టోపీ, నల్లకళ్ళద్దాలు ఉన్నాయి. కంచె చాటున అన్నీ తగిలించుకుని, అచ్చెన్న ఇంటి ఎదురుగా నిలబడి రెండు కన్నాలు పెట్టిన పేపరు విప్పాడు. అది పాత సర్కారు పేపరు. ఆ రోజుల్లో సర్కారు పేపరు చదివే మనిషి ఒక్కడే ఉంటాడు, సర్కారు గూఢచారి. ఈ మాట యర్రయ్యకి తట్టలేదు. పేపరు తలకిందులుగా పట్టుకున్న సంగతీ తట్టలేదు.

అచ్చెన్న గుమ్మంలోకి వచ్చి చూశాడు. లోపలికి వెళ్ళాడు. లోపల గిన్నె మోగింది. పక్కింట్లో మోగింది. వీధంతా మోగింది. పేటలోకి గూఢచారి వచ్చాడని యర్రయ్యకి అర్థమైంది. ఎటునుంచి వస్తున్నాడా అని కన్నాల్లోంచి అటూ ఇటూ చూశాడు.

కర్రలు వచ్చి చుట్టూ నిలబడ్డాయి.

"ఎవరు నువ్వు?" అని కాపలా పెద్ద కో మ్యింట్ బర్మీసులో అడిగాడు. డిటెక్టివు పేరు చెప్పడు గనక యర్రయ్య మాట్లాడలేదు.

"పలకడు. మిలట్రీ మనిసే," అన్నాడు అచ్చెన్న. "పొద్దున్నుంచీ మా ఇంటికేసే చూత్తన్నాడు. కట్టీయండి!"

కరెంటు స్తంభానికి కట్టేశారు. ఆ రోజుల్లో స్తంభానికి కట్టినవాళ్ళలో కొందరు ఇళ్ళకి తిరిగి వెళ్ళలేదు. ఈ సంగతి యర్రయ్యకి అప్పుడు గుర్తొచ్చింది. "నానురా, యర్రయ్యని!" అని అరిచాడు. గిన్నెల మోతలో ఎవరికీ వినబడలేదు. అందరికంటే గట్టిగా మోగిస్తున్న ఆడమనిషి జనాన్ని తోసుకుంటూ వచ్చింది.

"ఓలమ్మో, మా తమ్ముడి కోటు! సచ్చినోడు మా ఇంట్లో కూడా దూరినాడు!"

చేతిలో ఉన్నదాంతో నెత్తిమీద ఒక్కటి వేసింది. టోపీ ఎగిరింది, కళ్ళద్దాలు రాలాయి.

"ఓలమ్మ ఓలమ్మ... మా ఆయన!"

మోత ఆగింది. యర్రయ్య ఆమె చేతికేసి చూస్తున్నాడు.

"దొరికింది," అన్నాడు.

"ఏటి దొరికింది?" అన్నాడు అచ్చెన్న.

"అమ్మోరి పళ్ళెం. దొంగని పట్టినాను."

"దొంగేటి, నీ మొకం!" అంది బాలామణి. "పెతీ లచ్చివారం నువ్వు టీకొట్టుకెల్తే, మేకుకున్న తాళంచెవి తీసి, పళ్ళెం తెచ్చి, చింతపండేసి తోమతన్నది నానే. నిన్న తోమతంటే మోత లేసింది. చేతిలో ఇదే ఉంది, ఇదే కొట్టినాను. మళ్ళీ అవసరపడతాదని వంటింట్లో ఉంచినాను. పొద్దున్న నోరిప్పి అడిగితే చెప్పకపోదునా?"

పళ్ళెం ప్రతి శుక్రవారం ఎందుకు మెరుస్తుందో యర్రయ్య ఎన్నడూ ఆలోచించలేదు. అమ్మవారి మహిమ అనుకున్నాడు.

"పళ్ళెం ఎక్కడుందో తెలీనోడికి పెత్తనమేటి? తాళంచెవి నాకిచ్చీండి," అన్నాడు అచ్చెన్న.

"పళ్ళెం ఎక్కడుందో మీ ఇద్దరికీ తెలీదు," అన్నాడు కో మ్యింట్. "తెలిసినావిడకి ఇవ్వండి."

బాలామణి తాళంచెవి కొంగున ముడేసుకుంది. నడుమ సొట్టపడిన పళ్ళేన్ని చూసి, కట్లు విప్పుకుంటున్న మొగుడి నెత్తిని చూసింది. సొట్టా, బొప్పీ ఒక్క సైజే. అది చూసి పేటంతా ఘొల్లుమంది.

యర్రయ్య ఏమీ అనుకోలేదు. డిటెక్టివుకి ఏ దేశంలోనైనా ఇరుగుపొరుగు మంచివాళ్ళు కారు.