మామూలు వంటిల్లు

నిర్వచనం లేకుండా మానవజాతి ఇన్ని వేల ఏళ్లు ఎలా తినగలిగిందో చరిత్ర ఇంతవరకు సంజాయిషీ ఇచ్చుకోలేదు. ఆ లోటు తీర్చే భారం ఆహార నిర్వచనాల శాఖ మూడో అంతస్తులోని అధికారిణి మీద పడింది. అతిగా ప్రాసెస్ చేసిన ఆహారం అంటే ఏమిటో ఆమె తేల్చాలి. తేలినదాని మీద హెచ్చరికగా ఎర్రగుర్తు పడుతుంది.

ఆ గుర్తు అవసరం ఆమె ఇంట్లోనే ఉంది. భర్త గుండెకు ఆపరేషన్ చేసిన డాక్టరు చిప్స్ మానెయ్యమన్నాడు. ఆయన మానలేదు.

"ప్యాకెట్ మీద గవర్నమెంటు రాయనీ, ఆ రోజే మానేస్తా. నువ్వు చెప్తే మానాలా?"

"నేనే కదండీ గవర్నమెంటు!"

"ఇంట్లో కాదుగా," అన్నాడాయన కరకర నములుతూ.

ఆమె పళ్లు బిగించి ఒకే ఒక్క వాక్యం రాసింది. మామూలు వంటింట్లో కనిపించని పదార్థం ఏదైనా సరే, అదీ, అది కలిసిన ప్రతిదీ అతిగా ప్రాసెస్ చేసినట్టే. చిప్స్‌లో ఒక పొడి ఉంది. దానికి నంబరే తప్ప పేరు లేదు. ఇక చిప్స్ కంపెనీలవాళ్లు ఎక్కడికి పోతారు?

నిబంధనల ప్రకారం తయారీదారుల సలహా అడిగారు. (ప్రశ్నపత్రం కష్టంగా ఉందేమో విద్యార్థులను ముందే కనుక్కోవడం మర్యాద.) వాళ్ల సంఘం ప్రతినిధి నవ్వుతూ వచ్చాడు.

"అద్భుతం మేడమ్! ఒక్క అక్షరం మార్చకండి. మామూలు వంటింట్లో ఏముంటుందో ఒక్కసారి సర్వే చేయించండి, చాలు."

అభ్యంతరం లేని తయారీదారుణ్ణి ఆమె తన సర్వీసులో చూడలేదు. అనుమానపడాల్సింది పోయి సంబరపడింది.

సర్వే ఇంకా మొదలవకముందే ఇంటింటికీ ఒక గాజు సీసా ఉచితంగా వచ్చింది. బిగుతైన మూత. లోపల ఆ నంబరు పొడి.

"అత్తయ్యా, పారెయ్యండి దాన్ని!"

"ఇంత మంచి సీసానా? నీకేమైనా మతి పోయిందా?"

"సీసా కాదు, పొడి!"

"ఎక్కడ పొయ్యమంటావ్? సింకులో పోసినందుకు పక్కింటావిడ పైపు మూసుకుపోయింది. ఉండనీ, తీరిగ్గా చూద్దాం."

దేశమంతా తీరిగ్గా చూద్దామనే అనుకుంది. సర్వేలో ప్రతి వంటింట్లోనూ సీసా దొరికింది. పొడి మామూలు పదార్థమని తేలింది. చిప్స్ నిర్దోషిగా విడుదలయ్యాయి.

నిమ్మకాయలే దొరకలేదు. ఆ వారం ధర మండిపోయి ఎవరూ కొనలేదు. నిర్వచనం నిర్వచనమే కనుక నిమ్మకాయ మీద ఎర్రగుర్తు పడింది. (ప్రాసెసింగ్ అంతా చెట్టు మీదే జరిగిపోతుందని ఫైల్లో వివరణ రాశారు.) ప్రతినిధి పూలగుత్తి పంపాడు.

ఆ సాయంత్రం ఆమె కీరా ముక్కలు తరిగి భర్త ముందు పెట్టి, వాటి మీద నిమ్మచెక్క పిండబోయింది. ఆయన పళ్లేనికి చెయ్యి అడ్డం పెట్టాడు. పళ్లెం అవతలికి నెట్టి, చిప్స్ ప్యాకెట్ చింపాడు.

"వద్దు. గవర్నమెంటు రాస్తే మానేస్తానన్నాను కదా, మాటంటే మాటే."