ఒకటిన్నర మైలు పుణ్యం

మా చర్చి దారిని మూసివేసిన ప్రభువుకు విగ్రహం పెట్టవలసిందే! అదీ చర్చి ముంగిట్లోనే. అక్కడికి చుట్టు తిరిగి వచ్చేసరికి ఎంతటివారైనా మోకాళ్ల మీద పడతారు. భక్తికి ఇంతకంటే ఏం కావాలి?

చరిత్ర చిత్తగించండి. ఎనిమిది వందల ఏళ్ల క్రితం మా థార్న్‌కోట్ ఊరి ప్రజలు చర్చి కట్టుకొని దాని చుట్టూ ఇళ్లు వేసుకున్నారు. తరువాతి కాలంలో పక్కనే భవనం కట్టిన లడ్‌బ్రూక్ ప్రభువు ఒకనాడు కిటికీలోంచి చూడగా, ఆరేసిన లంగాలూ, పందులూ, మా ముత్తాతలూ కనిపించారట. ఎంత కష్టం! ఊరిని గుట్ట అవతలికి తరలించారు. చర్చిని మాత్రం కదపలేదు. దాని శిఖరం కిటికీలోకి ముచ్చటగా అమరిందట!

ఇప్పటి ప్రభువు సర్ పెరిగ్రిన్ మరింత దయామయులు. ఆదివారాలలో తమ పచ్చిక మీదుగా పది నిమిషాలలో చర్చికి పోనిస్తారు. అయితే బతికున్నవారిని మాత్రమే. శవపేటిక సాగిన చోటు శాశ్వతంగా ప్రజల బాట అయిపోతుందని ఆయన నమ్మకం. చట్టంలో అటువంటిదేమీ లేదని వకీళ్లు నెత్తీ నోరూ బాదుకున్నా ఆయన వినరు. కనుక మా మృతులు పొలాల వెంట ఒకటిన్నర మైలు ప్రయాణిస్తారు.

దీనివల్ల ఎన్ని లాభాలు! శవం మోసేవారికి జిమ్ ఖర్చు లేదు. దూరపు బంధువులు సగం దారిలోనే వెనుదిరుగుతారు కాబట్టి అంత్యక్రియల తరువాత ఇచ్చే టీకి శాండ్‌విచ్‌లు మిగులుతాయి. తొంభై నాలుగేళ్ల హోరెస్ టిడ్‌మార్ష్, బురద ఆరేదాకా చావనని పదకొండేళ్లుగా భీష్మించుకున్నాడు. ఏ వైద్యుడు ఇంత ఆయుష్షు పోశాడు?

ఫిబ్రవరిలో చర్చి గంటలు మోగించే సిరిల్ పోయాడు. మంగళవారం అంత్యక్రియలు. బురదలో కారు కదలదు. అతని భార్య మేబెల్‌కు ఎనభై మూడేళ్లు, తుంటి నొప్పి. కర్ర పట్టుకొని ఒక్కతే పచ్చిక గేటు దగ్గరకు వెళ్లింది. అక్కడ ఎస్టేటు మేనేజరు ఒక కేకు వ్యానును లోపలికి పంపి గేటు మూస్తున్నాడు.

“శవంతో వచ్చినవాళ్లకి గేటు తియ్యమండీ.”

“నా దగ్గర శవమేదీ బాబూ? అది అటు చుట్టూ పోతోంది.”

“భార్యంటే అంత్యక్రియల్లో భాగమే కదండీ.”

“మరి ఆ వ్యానులో కేకు పెళ్లిలో భాగం కాదూ? దానికి ఇప్పుడే తీశావుగా!”

“అది డబ్బు కట్టిన బుకింగండీ.”

పచ్చిక మీద పెళ్లి డేరా వేస్తున్నారు. గేటు తెరుచుకోలేదు. మేబెల్ పొలాల వెంట చర్చికి చేరడానికి రెండు గంటలు పట్టింది. పాదిరి గారికి పక్క ఊళ్లో మరొకరి అంత్యక్రియలు ఉండటంతో అప్పటికే గొయ్యి పూడ్చేశారు.

అయినా నిబంధనను గౌరవించాలి కదా! అందుకే రాబోయే ఆదివారం మేబెల్ శవపేటికలో పడుకుంటుంది. కళ్లు తెరుచుకొనే! ఆరుగురం మోసుకుంటూ పచ్చిక మీదుగా వెళతాం. ఆదివారం బతికున్నవారికి అనుమతి ఉన్నదే కదా?

“మేనేజరు ఆపితే లేచి కూచుని గుడ్ మార్నింగ్ చెబుతానే!” అంటోంది నాతో.

పాదిరి గారు సమాధి దగ్గర ప్రార్థన మళ్లీ చదువుతారు. మేబెల్‌కు కావలసింది దారి కూడా కాదు. యాభై ఎనిమిదేళ్లు కాపురం చేసిన మనిషి మీద తన చేత్తో వేయవలసిన ఒక్క పిడికెడు మట్టి. అంతపాటి మట్టిని కూడా ఆమెకు దక్కనీయని ఆ పచ్చిక ఎంత ఏపుగా ఉందో, అయ్యలారా, అమ్మలారా, మీరే వచ్చి చూడండి!