మైసూరు పేటా

పెనుకొండ టైలర్ దాదాపీర్ ఆ రోజు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఒంటిగంటకు తిరుపతి బస్సెక్కాలి. మర్నాడు తొమ్మిదికి కూతురు నాజ్నీన్‌ను మెడికల్ కౌన్సెలింగ్‌లో కూర్చోబెట్టాలి. 2005 ఎంసెట్‌లో ఆ పిల్లకు 1184 ర్యాంకు వచ్చింది. దానికి ప్రభుత్వ సీటు వస్తుంది, కానీ అంచున వస్తుంది. ఇంకో రెండు ప్రశ్నలు తప్పయి ఉంటే రెండేళ్ల చదువూ గంగపాలయ్యేది.

బట్టలు సర్దుతుండగా హిందూపురం నుంచి కోచింగ్ సెంటర్ యజమాని కుళ్ళాయప్ప జీపులో దిగాడు. సన్మానం, ఒక ఫొటో, అరగంట పని, తర్వాత తనే బస్సు దగ్గర దింపుతానన్నాడు. తండ్రికీ శాలువా ఉందన్నాడు. ముప్పై ఏళ్లుగా ఊరందరికీ పెళ్లిబట్టలు కుట్టిన దాదాపీర్ భుజాన ఎవరూ ఏదీ కప్పలేదు. ఆ మాటకే మనిషి పడిపోయాడు.

"బస్సు పోతే యాడ పట్టుకుందాం నాయనా?" అంది నాజ్నీన్.

"అరగంటే కదమ్మా. సదువు చెప్పిన సార్ పిలుస్తాండాడు, రామంటే బాగుంటాదా?"

హిందూపురంలో వేదిక ఉంది, జనం ఉన్నారు, పేటా లేదు. తలకు మైసూరు పేటా, అంటే జరీ తలపాగా, పెట్టకపోతే అక్కడ దాన్ని సన్మానం అనరు. సెంటర్ పేటాను ఎవరో పెళ్లికొడుకు తీసుకెళ్లి తిరిగివ్వలేదు. గౌరిబిదనూరు నుంచి ఇంకొకటి వచ్చేసరికి రెండున్నర అయింది. అదీ పెద్ద తలకు చేసింది. నాజ్నీన్ కళ్ల మీదికి జారిపోయింది. ఫొటోలో ముక్కు, గడ్డం, పూలదండ పడ్డాయి.

పోనీ నాలుగు గంటల బస్సుకు పోదామని దాదాపీర్ సర్టిఫికెట్ల కవరు తడిమితే ర్యాంకు కార్డు లేదు. ఫ్లెక్సీ మీద అచ్చు వేయడానికి కుళ్ళాయప్ప దాన్ని కవరులోంచి తీయించి ధర్మవరం పంపేశాడట. తండ్రీకూతుళ్లను ధర్మవరంలో దింపి, జీపు గోరంట్లలో ఇంకో ర్యాంకు ఇంటికి వెళ్లిపోయింది. ఫ్లెక్సీ షాపతను తాళం వేసుకుని బావమరిది నిశ్చితార్థానికి పోయాడు. షాపు మర్నాడు ఏడింటికి గానీ తెరుచుకోలేదు. కార్డు మాత్రం భద్రంగా ఉంది.

మధ్యాహ్నం మూడింటికి వాళ్లు తిరుపతి చేరేసరికి 1600 ర్యాంకు వాళ్లను పిలుస్తున్నారు. ఆలస్యంగా వచ్చినవాళ్లకు మిగిలిన సీట్లే అన్నారు. డొనేషన్ కట్టేవి తప్ప ఏవీ మిగల్లేదు. నాజ్నీన్ ఏడవలేదు. దాదాపీర్ మెట్ల మీద కూర్చుని కొత్త శాలువాలో ముఖం దాచుకుని ఏడ్చాడు.

వారం తిరక్కుండానే హిందూపురం నడిబొడ్డున ఆ పేటా ఫొటోతో, ర్యాంకుతో ఫ్లెక్సీ లేచింది. దాన్ని దించమని అడగడానికి దాదాపీర్ సెంటర్‌కు వెళ్లాడు.

"ర్యాంకు వచ్చిన మాట నిజమే కదప్పా," అన్నాడు కుళ్ళాయప్ప. "సీటొచ్చిందని యాడన్నా రాసినామా?"

అయినా మంచి మనసు చేసుకుని, నాజ్నీన్‌ను లాంగ్‌టర్మ్ బ్యాచ్‌లో సగం ఫీజుకు చేర్చుకున్నాడు. క్లాసు గోడకు అదే ఫ్లెక్సీ కట్టారు. ఆగస్టులో కొత్తగా చేరిన ఫిజిక్స్ లెక్చరర్ నారాయణప్ప, వెనక బెంచీలో కిటికీలోంచి బయటికి చూస్తున్న నాజ్నీన్‌ను లేపి నిలబెట్టి, గోడవైపు చెయ్యి చూపించాడు.

"ఆ పాపను చూడమ్మా. నీ మాదిరే ఈడ కూర్చుని సదివింది. ఇప్పుడు యాడుండాదో తెలుసా?"

"తెలుసు సార్," అని నాజ్నీన్ కూర్చుంది.