అమ్మ మెదడుకు పూర్తి విశ్రాంతి

ముసలివాళ్ళ మెదడు పదికాలాలపాటు చల్లగా ఉండాలంటే వాళ్ళచేత ఏ పనీ చేయించకూడదు. చాలా ఆలోచించే ఈ మాట అంటున్నాను. నవ్వకండి.

మెదడు పెళ్ళినాటి పట్టుబట్ట లాంటిది. కడితే మాస్తుంది, ఉతికితే రంగు పోతుంది. మడతపెట్టి పెట్టెలో దాచితే ఎన్నేళ్ళయినా అలాగే ఉంటుంది. తీరా పెట్టె తెరిచాక పురుగులు కనిపించాయనుకోండి, ఆ తప్పు బట్టది గాని దాచినవాళ్ళది కాదు కదా?

మా బ్రూక్లిన్ చైనావాళ్ళ పేట ఎయిత్ అవెన్యూలో ఈ రహస్యం పిల్లలు బాగా కనిపెట్టారు. బియ్యం కడిగి కుక్కర్లో పోస్తే చాలు, అన్నం తనే ఉడికి పాట పాడి పిలుస్తుంది. నేల ఊడ్చే యంత్రం మంచం కిందికి దూరి తనే బయటికొస్తుంది. కూరలు ఫోన్లోంచి దిగుతాయి. మా పైఅంతస్తు తాతగారు బఠాణీకాయలు ఒలుచుకుంటూ కూర్చునేవారు. వేళ్ళు అరిగిపోతాయని కొడుకు ఆ బుట్ట లాక్కుని, వేళ్ళకి వ్యాయామం కోసం ఒక రబ్బరు బంతి కొనిచ్చాడు. పుచ్చకాయని తట్టి చూసే యంత్రం కూడా ఈపాటికి వచ్చే ఉంటుంది. నాకు తెలియదు. నాకు కొనిపెట్టేవాళ్ళు లేరు.

ఈ విశ్రాంతి మహిమ తెలియాలంటే మా పక్కింటి క్వాన్ పిక్-హా గారి సంగతి వినాలి.

ఆవిడ జీవితమంతా కుట్టు ఫ్యాక్టరీలో మెడ వంచి పనిచేసింది. పని మానేశాకైనా మెదడుకి సుఖం ఇచ్చిందా? లేదు. పొద్దున్నే బజారుకి పోవడం, కాకరకాయ గిల్లి చూడటం, ఏ కొట్లో తోఫూ పులిసిందో, ఎవరి కోడలు ఎవరితో మాట్లాడటం మానేసిందో అంతా గుర్తుపెట్టుకోవడం. మధ్యాహ్నం వృద్ధుల కేంద్రంలో మాజాంగ్, మా చైనావాళ్ళ పేకాట లాంటిది. అక్కడ తన ముక్కలతోపాటు ఎదుటివాళ్ళు పారేసిన ముక్కలు కూడా గుర్తుంచుకోవాలి. ఎంత హింస! మా ఆవిడ పోయిన కొత్తలో నా వంటగదిలోంచి మాడువాసన వస్తే, గోడ అవతల నుంచే "మాస్టారూ, మంట తగ్గించండి, తర్వాత మూత తీయండి" అని చెప్పేది. అంటే తన వంటే కాక నా వంట కూడా ఆవిడ మెదడే మోసింది.

ఆగస్టులో కూతురు వింగ్-సీ ఆవిడని జ్ఞాపకశక్తి పరీక్షకి తీసుకెళ్ళింది. డాక్టరు మా చైనావాళ్ళ పిల్లవాడే, ఇక్కడే పుట్టాడు.

"ఇది ఏ నెల, అమ్మమ్మా?"

"ఆరో నెల, బాబూ."

"సరిగ్గా ఆలోచించి చెప్పండి."

"ఆలోచించే చెప్తున్నా. పోయిన నెలా ఆరో నెలే, ఇదీ ఆరో నెలే."

మా చైనా పంచాంగంలో ఈ ఏడాది ఆరో నెలకి అధికమాసం వచ్చిందన్న ముక్క ఆ పిల్లవాడి కంప్యూటర్‌లో లేదు. అతను తల ఊపి ఏదో రాసుకున్నాడు. వింగ్-సీ మందుల షాపులో పనిచేస్తుంది. అలా తల ఊపడం అంటే ఏమిటో ఆమెకి బాగా తెలుసు.

ఆ సాయంత్రం నుంచే విశ్రాంతి మొదలైంది. స్టవ్ మీద పెట్టిన మాట మరిచిపోతుందని వంట బంద్. దారి తప్పుతుందని బజారు బంద్. ఓడితే బెంగపడుతుందని మాజాంగ్ కూడా బంద్. మరి మెదడు మొద్దుబారదూ? దానికీ ఏర్పాటుంది. ఒక టాబ్లెట్, అందులో ఒక ఆట. తెరమీద కూరగాయలు పడుతుంటాయి. ఆకుకూరల్ని వేలితో లాగి బుట్టలో వెయ్యాలి. నిజం కూరలు ముట్టుకోకుండా కూరలు ఏరడం! ఇంత శుభ్రమైన బజారు ఎక్కడైనా ఉందా?

నేను గిన్నె తిరిగి ఇవ్వడానికి వెళ్ళినప్పుడు తల్లీకూతుళ్ళు ఆ ఆటమీదే ఉన్నారు.

"అమ్మా, ఆకుకూరలన్నీ వెయ్యాలి. నువ్వు సగం వదిలేశావు."

"వదలక ఏం చెయ్యను? అది పువ్వేసింది. కాడ నారలా ఉంటుంది."

"అది బొమ్మ అమ్మా."

"గీసేవాడు లేతది గియ్యొచ్చుగా. వాడింట్లో ఎవరూ కూర వండరా ఏం?"

తెరమీద ఏడుపు మొహం వచ్చింది. వింగ్-సీ లేచి సింకు దగ్గరికి వెళ్ళి, కొళాయి తిప్పి, ఆ చప్పుడులో కళ్ళు తుడుచుకుంది. అమ్మ కళ్ళముందే జారిపోతోందన్న భయం అది. దాన్ని మాత్రం నేను వెక్కిరించలేను.

ఇక విశ్రాంతి ఫలం చూడండి. ఆకులు రాలే వేళకి ఆవిడ పగలంతా కునికిపాట్లు పడుతోంది. గోడ అవతలి నుంచి నాకు సలహాలు ఆగిపోయాయి. ఒకరోజు లిఫ్టులో కనిపించి, మీటల వంక చాలాసేపు చూసి, "మాస్టారూ, మనది ఏ అంతస్తు?" అని అడిగింది. పాతికేళ్ళుగా ఉంటున్న ఇల్లు. మడత చెరగకుండా దాచడమంటే ఇదీ!

ఆ రాత్రి అన్నం సయించలేదు. మర్నాడు వింగ్-సీని పట్టుకున్నాను.

"కొత్త ఆట ఒకటి వచ్చిందమ్మా. చాలా పెద్ద తెర. వాసన కూడా వస్తుంది. అవతలివాళ్ళు మోసం చేస్తుంటారు, మనం కనిపెట్టాలి. నడుస్తూ ఆడాలి. చార్జింగ్ అక్కర్లేదు."

"బాబాయ్, మీరు మా అమ్మని కూరల బజారుకి తీసుకెళ్తానంటున్నారు. అంతేగా?"

"అంతే."

"తప్పిపోతే?"

"తప్పిపోవాలంటే ఎయిత్ అవెన్యూలో ఆవిడ్ని ఎరగనివాళ్ళు ఒక్కరైనా ఉండాలి కదే."

ఆ పిల్ల నవ్వలేదు. "డాక్టరు రాసింది మీరు చూడలేదు, బాబాయ్" అంది. నేను అధికమాసం సంగతి చెప్పాను. ఫోన్ తీసి పంచాంగం చూసుకుంది. రెండు నెలలూ ఆరో నెలే. "ఆదివారం నేనూ వస్తాను. అమ్మ తడబడిందంటే మాత్రం ఇక ఈ మాట ఎత్తకూడదు" అంది.

ఆదివారం పిక్-హా గారు మొదటి కొట్టు ముందే ఆగిపోయింది. జనం తోసుకుపోతున్నారు. చేతిలో సంచీ ఎందుకుందో తెలియనట్టు చూసింది. వింగ్-సీ నా వైపు తిరిగింది. నేను నేల చూపులు చూశాను.

అప్పుడు చేపల కొట్టువాడు, వాడి నోరు చల్లగుండ, లోపలి నుంచి కేకేశాడు. "ఏం అక్కా, నన్నొదిలేసి ఎవరి దగ్గర కొంటున్నావు ఇన్నాళ్ళూ?"

ఆవిడ నెమ్మదిగా అటు తిరిగింది. "నిన్న చచ్చిన చేపల్ని ఇవాళ ఈతకి దింపుతావుగా. అలిగాను."

"ఎప్పుడో ఒకసారి అక్కా."

"రెండుసార్లు. రెండోసారి నీ పెళ్ళాం చూసి మార్చి ఇచ్చింది."

వాడు మొహం దాచుకున్నాడు. వింగ్-సీ ముక్కు ఎగబీల్చి, సంతోషం పట్టలేక తనూ సాయం చేద్దామని బతికున్న చేపల తొట్టి దగ్గరికి వంగింది. "అమ్మా, ఇదిగో, ఇది పెద్దది. ఇది తీసుకుందాం."

పిక్-హా గారు చేపని చూసింది. కూతుర్ని చూసింది. జాలిపడింది.

"అది పక్కకి ఒరిగి ఈదుతోందే. సాయంత్రం దాకా కూడా ఉండదు." కూతురి బుగ్గ నిమిరింది. "వారమంతా మందుల కొట్లో నిలబడి నీకు బుర్ర పనిచెయ్యడం లేదు. ఇంటికెళ్ళి కాస్త విశ్రాంతి తీసుకో, తల్లీ."

పాఠకులారా, విశ్రాంతి మహాభాగ్యమని నేను మొదటినుంచీ మొత్తుకుంటూనే ఉన్నాను. మీ ఇంట్లో పిల్లలు అలిసిపోయి కనిపిస్తే వెంటనే కుర్చీలో కూర్చోబెట్టండి. కావాలంటే టాబ్లెట్ కూడా చేతికివ్వండి.

సంచీ మాత్రం అమ్మకివ్వండి.